నాలుగో ప్రశ్న

తొమ్మిదో తరగతి సైన్సు పేపరులో నాలుగో ప్రశ్న:
ద్రావణం చిక్కబడిందని ఎలా గుర్తిస్తావు?
ఇంద్రాణి గుండ్రటి అక్షరాలతో రాసింది,
"మా నాయన మొకం చూసి."

సున్నా వేశాను.
ఎర్ర ఇంకు, చుట్టూ ఇంకో గీత కూడా.
స్టాఫ్ రూములో చదివి వినిపిస్తే
లెక్కల సారుకు టీ పొలమారింది.

మాఘమాసం. గానుగలు ఆడే కాలం.
చిత్తూరు దాటి ఇరాల దోవ పట్టితే గాలే తియ్యగా ఉంటుంది.
ల్యాబులో థర్మామీటరు గుడ్డలో చుట్టుకుని
పోయాను, తప్పు దిద్దడానికి.

చెంగల్రాయుడు పెనం దగ్గర నిలబడున్నాడు.
పొయ్యిలోకి పిప్పి తోస్తా ఒక పిల్లోడు,
బెండ జిగురుకు తేలిన తెట్టు తీస్తా ఇంద్రాణి.
నూట పద్దెనిమిది, అన్నాను. దించండి.
ఆయన గాజుగొట్టాన్ని మర్యాదగా చూశాడు,
భోజనాల వేళకొచ్చిన కొత్త చుట్టాన్ని చూసినట్టు.
"కాదు సార్. ఇది చవుడు చేలో చెరుకు.
బోరు నీళ్ళు తాగింది. దీనికి ఇంకొంచెం కోపం రావాల."

నురగ పెద్ద కళ్ళు మూసి చిన్న కళ్ళు తెరిచింది.
నీళ్ళ గిన్నెలో చుక్క వేసి, ఉండ చేసి
పళ్ళెం అంచుకు కొట్టాడు. టంగుమంది.
"ఇప్పుడు."
ఎలా తెలిసింది?
"తెలుస్తాది."

తిరుగు దారంతా ఆ మాటే వెంటపడింది.
నేను తింటాను, నేను రాస్తాను, నేను చెబుతాను,
కానీ నేను తెలుసు అని ఎవరూ అనరు.
నాకు ఆకలి. నాకు జ్వరం. నాకు తెలుసు.
వచ్చేదేదో వచ్చి మనలో దిగుతుంది,
మనం చిరునామా మాత్రమే.
ఇరవై ఆరేళ్ళుగా నేను
చిరునామా రాయించి ఉత్తరం అందిందనుకున్నాను.

నేర్పు అంటే చేతిలో ఉండే పనితనం.
నేర్పు అంటే ఇంకొకరికి ఇవ్వమని కూడా.
ఒకే మాటను రెండింటికీ ఎందుకు పెట్టారో పెద్దవాళ్ళు,
పొదుపు కోసమైతే కాదు.

శివరాత్రికి ముందు మళ్ళీ పోయాను, వట్టి చేతులతో.
ఆ పూట గరిటె ఇంద్రాణిది.
చెంగల్రాయుడు అటు తిరిగి కూర్చుని తాడు పేనుతున్నాడు.
ఆ పిల్ల రెండుసార్లు నాయన వైపు చూసింది.
వీపు.
గళ్ళ తువ్వాలు, చెమట మరక, వీపు.
మూడోసారి పాకం వైపు చూసింది.
మాడు వాసన నాకే తెలిసింది, ఆయనకు తెలియదా?
మెడ తిప్పలేదు.

పెనం ముదిరిపోయింది.
ఆ పిల్ల ఏడవలేదు. నల్లటి పలుకొకటి నోట్లో వేసుకుని
చాలాసేపు చప్పరిస్తూ నిలబడింది,
ఎక్కడ దాటిపోయిందో వెతుక్కుంటున్నట్టు.

పెనం పెనమే పోయిందే, అన్నాను.
"పోనీలే సార్. మా నాయన నాకోసరం
మూడు పెనాలు పోగొట్టినాడు."

పాఠం మధ్యలో నేను అర్థమైందా అంటాను.
నలభై రెండు తలలు ఊగుతాయి.
వాళ్ళు ఏది చదువుతున్నారో ఇప్పుడు కనిపిస్తోంది:
నా కనుబొమలు, నా గొంతు, సుద్దముక్క ఆగిన చోటు.
క్లాసంతా చేసే పనినే
ఆ పిల్ల ఒక్కతే పేపరు మీద ఒప్పుకుంది.

ఈమధ్య ప్రశ్న అడిగి కిటికీ వైపు తిరుగుతున్నాను.
బయట బెల్లం లారీ ఒకటి మండీకి పోతుంటుంది.
వెనక బెంచీ కిర్రుమంటుంది, ఎవరో గుసగుసగా ఏదో అంటారు,
తర్వాత ఏమీ ఉండదు.
మెడ లాగుతుంది, చూడమని.
తిరగను.
ఆ నిశ్శబ్దం ఏ పాకంలో ఉందో
నాకింకా తెలీదు.